33 అంగుళాల కల్యాణి

"ఎక్కడానికి పనికిరాదు, పాలివ్వదు. మరి దేనికే?"

తెనాలి నుంచి వీడియో కాల్లో అమ్మ అడిగిన మొదటి మాట ఇది. డాలస్‌కి ఉత్తరాన ఊరు దాటాక రెండున్నర ఎకరాల స్థలం మాది. అందులో రెండు మినియేచర్ గుర్రాలు దిగి అప్పటికి గంట కూడా కాలేదు. ఫోన్ వాటివైపు తిప్పి పట్టుకున్నాను కానీ జవాబు చెప్పలేకపోయాను. ముచ్చటపడి తెచ్చుకున్నామంటే అమ్మ ఒప్పుకోదు. ఆవిడ జట్కా తోలినాయన కూతురు.

మా తాతయ్య తెనాలి స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. రాత్రి నానబోసిన ఉలవలు తెల్లారుజామున ఉడకేసి, గుగ్గిళ్ళు చల్లార్చి గుర్రం ముందు పెట్టడం చిన్నప్పుడు అమ్మ వంతు. గుర్రం తిన్నాకే పిల్లలకి చద్దన్నం. ఆ ఇంట్లో గుర్రమంటే సంపాదించే మనిషితో సమానం. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషికి, నడుమెత్తు కూడా లేని గుర్రాన్ని పెరట్లో ఊరికే నిలబెట్టి మేపడం ఎలా అర్థమవుతుంది?

కానీ ఫోన్లో కల్యాణిని చూసిన క్షణంలో ఆవిడ గొంతు మారింది. నాలుగు కాళ్ళకీ తెల్ల మేజోళ్ళు తొడిగినట్టు, నుదుటి మీంచి ముక్కు దాకా తెల్లచార. "ఒసే, ఇది పంచకల్యాణే! ఇట్లాంటి గుర్రం దొరకాలని మా నాన్న ఎంత వెతికాడో!" అంది. పేరు అలా వచ్చింది. తోడుగా తెచ్చిన మగదాన్ని మా అమ్మాయి బుడ్డోడు అంది.

కొనే ముందు నేను చదివింది తక్కువేమీ కాదు. టెక్సస్‌లోని అల్వరాడోలో ఆఫీసున్న అమెరికన్ మినియేచర్ హార్స్ అసోసియేషన్ 1978లో మొదలైంది. వాళ్ళ లెక్కలో గుర్రం 34 అంగుళాలకి మించకూడదు. మామూలు గుర్రాన్ని భుజాల మధ్య ఎత్తయిన చోట కొలుస్తారు, వీటిని మాత్రం జూలు ఆఖరి వెంట్రుకల దగ్గర కొలుస్తారు. కల్యాణి 33 అంగుళాలు, బుడ్డోడు 31. చిన్నదనం కోసమే జత కట్టిస్తూ పోతే మరుగుజ్జు పిల్లలు పుడతాయని, వాటికి దవడ ముందుకొచ్చి పళ్ళు కలవవని, కాళ్ళు వంకరపోతాయని తెలుసుకుని రెండింటి నోళ్ళూ తెరిచి చూశాను. చేతులు మారే గుర్రానికి ఇక్కడ కాగిన్స్ పరీక్ష చేసిన కాగితం ఉండాలి. నయంకాని అంటురక్తహీనత లేదని చూపే రక్తపరీక్ష అది. అదీ అడిగి తీసుకున్నాను.

చూడనిది ఒక్కటే, గిట్టలు. ముందుకాళ్ళ గిట్టల మీద అడ్డంగా గీతలున్నాయి, మడమ వైపుకి వెళ్ళేకొద్దీ ఎడమవుతూ. అమ్మినవాళ్ళు వాటి గురించి ఏమీ చెప్పలేదు. అదో రకం డిజైన్ అనుకున్నాను నేను.

ఒంటరి గుర్రం బెంగపెట్టుకుంటుంది, అందుకే రెండు తెచ్చాం. గుర్రాల ఖరీదు కంటే వాటి చుట్టూ వేసిన కంచె ఖరీదెక్కువ. చిన్న గిట్ట ఇరుక్కోని సన్నగళ్ళ వల కావాలి. ఊళ్ళో కుక్కలూ, రాత్రిళ్ళు వచ్చే నక్కల్లాంటి కయోటీలూ లోపలికి దూరకూడదు. పెద్ద గుర్రాన్ని చూసి తోక ముడిచే కుక్క కూడా వీటి మీదకి వస్తుంది.

మార్చిలో అమ్మ వచ్చింది, ఆరు నెలలు ఉండటానికి. అమ్మకి ఇక్కడ పొద్దు పోదనే బాధ ఆ ఏడాది లేదు. తెల్లారితే కంచె దగ్గరే. మా ఇంట్లో ప్రేమంటే తినిపించడమే. చపాతీ మిగిలితే కల్యాణికి, అరటిపండు మెత్తబడితే కల్యాణికి. చిన్న బెల్లంముక్క చీర కుచ్చిళ్ళలో దాచుకెళ్ళేది. ఒక్క అమ్మనే అనడం న్యాయం కాదు. శని ఆదివారాలు స్నేహితులు పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళు, ప్రతి పిల్ల చేతిలో ఓ కేరట్, ఓ ఆపిల్. నేనూ వద్దనలేదు. పైగా వానలకి పచ్చిక మోకాలెత్తు లేచింది. రెండూ పొద్దస్తమానం అందులోనే మేసేవి. కల్యాణి మెడ మీద కొవ్వు గట్టుకట్టింది. ఫోటోల్లో భలే బొద్దుగా ఉందని అందరూ మురిసిపోయారు.

ఏప్రిల్‌లో ఓ పొద్దున అది కదలలేదు. ముందుకాళ్ళు చాపి, బరువంతా వెనక్కి వేసి, గోడకి ఆనుకున్నట్టు నిలబడింది. తిప్పబోతే నేల మీద నిప్పులున్నట్టు అడుగు వేసింది. నేను ఫోన్ కోసం ఇంట్లోకి పరిగెత్తి వచ్చేసరికి అమ్మ దాని గిట్ట పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. "కాలిపోతోందే. నాన్న గుర్రానికి ఓసారి ఇట్లాగే కాళ్ళు పట్టేశాయి. పెళ్ళివారు బియ్యం తినిపించారు బస్తాలోంచి" అంది. ఆ తర్వాత ఆ గుర్రం ఏమైందో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

డాక్టరు దీన్ని లామినైటిస్ అంది. గిట్ట లోపల ఎముకని గిట్ట గోడకి పట్టి ఉంచే పొరలు వాచిపోతాయి. ఆ పట్టు వదిలితే గుర్రం బరువుకి ఎముక కిందికి తిరుగుతుంది. ఎక్స్‌రేలో కల్యాణి ఎముక కొద్దిగా తిరిగింది. రక్తంలో ఇన్సులిన్ ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ. బెల్లం, పండ్లు తప్పే కానీ అసలు దోషం పచ్చికలోని చక్కెరదని చెప్పింది. ఆ గీతలు కూడా చూపించింది. ఇంతకుముందెప్పుడో ఒకసారి వచ్చిపోయిన జబ్బుకి గుర్తులవి.

ఇంత చిన్న ప్రాణికి గడ్డి ఎందుకు పడదని అమ్మ అడిగింది. డాక్టరు చెప్పింది నేను తెలుగులో చెప్పాను. వీటి పూర్వీకుల్లో షెట్లాండ్ పోనీలున్నాయి. స్కాట్లండ్‌కి ఉత్తరాన చలిగాలి దీవుల్లో, అరకొర గడ్డి మీద బతికి పొట్టి అయిన జాతి అది. దొరికిన ప్రతి పోచనీ కొవ్వుగా దాచుకోవడం దాని రక్తంలోనే ఉంది. బ్రిటన్‌లో 1842లో ఆడవాళ్ళనీ, పదేళ్ళలోపు మగపిల్లల్నీ బొగ్గుగనుల్లోకి దింపకూడదని చట్టం వచ్చాక, ఇరుకు సొరంగాల్లో బొగ్గుతొట్లు లాగడానికి ఈ పోనీలనే పెద్దఎత్తున దింపారు. ఆ రక్తమే అమెరికా వచ్చి ఇంకా పొట్టిదై మన పెరట్లో నిలబడింది.

అమ్మ చాలాసేపు ఊరుకుంది. "నాన్న గుర్రం కూడా ఉలవలు బాగానే తినేది. కానీ పొద్దంతా బండి లాగేది. దీన్ని మనం నిలబెట్టి మేపాం" అంది.

మొదటి మూడు రోజులు గిట్టలకి ఐసుసంచులు, నొప్పిమందు, మెత్తగా మందంగా పరిచిన రంపపుపొట్టు మీద నిలబెట్టడం. తర్వాత నెలలు నెలలు గిట్టలు కోయించడం. బాగున్న గుర్రానికి ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చాలు, దీనికి నాలుగు వారాలకే పిలిచాం. వీటికి లాడాలు కొట్టించే పని సాధారణంగా ఉండదు, ఆకురాయితో సరైన కోణం తేవడమే విద్య.

మేత విషయంలో డాక్టరు గట్టిగా చెప్పింది ఒకటుంది. మినీలు పెట్టుకునే ప్రతి ఒక్కరికీ నేను ముందు చెప్పేదీ అదే. లావెక్కింది కదా అని ఒక్కసారిగా పస్తు పెట్టకూడదు. ఒంట్లో కొవ్వంతా కరిగి నెత్తురులోకి వచ్చి, కాలేయం చెడి ప్రాణమే పోవచ్చు. కాబట్టి మానడం కాదు, తూయడం. ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర వంతు ఎండుగడ్డి. అప్పుడు కల్యాణి 118 కిలోలు, దింపాల్సింది 100కి. ఆ 100కి లెక్కకట్టి రోజుకి కిలోన్నర, పూటకి 500 గ్రాముల చొప్పున మూడు పూటలు. అదీ అరగంట పైగా నీళ్ళలో నానబెట్టి, చక్కెర కరిగిన ఆ నీళ్ళు పారబోశాకే. వంటింటి తూకం పశువుల కొట్టంలోకి వెళ్ళిపోయింది.

అమ్మ ఒక్కసారి ఏడ్చింది ఈ ఆరు నెలల్లో. కల్యాణి సగం నమిలి, గిన్నె నాకి, ఇంకా కావాలని సకిలించిన రోజు. "నోరులేని దాన్ని ఆకలితో మాడుస్తున్నామే" అంది. వేరే ఎవరూ ఏ ముక్కా తినిపించకుండా కంచెకి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ బోర్డు కట్టింది కూడా ఆవిడే. గిట్టకి కాస్త పైన, వెనకవైపు వేళ్ళు పెట్టి నాడి చూడటం డాక్టరు నేర్పింది. లోపల వాపుంటే అక్కడ టకటకా కొట్టుకుంటుంది. పొద్దున కాఫీ తాగి వెళ్ళి అమ్మ రోజూ ఆ నాడి చూసేది. ఆగస్టులో విమానం ఎక్కే రోజు పొద్దున కూడా చూసి, "నెమ్మదిగానే ఉంది" అని చెప్పి కారెక్కింది.

గిట్ట పైనుంచి కిందిదాకా కొత్తగా పెరగడానికి దాదాపు ఏడాది పడుతుంది. మాకు డిసెంబరు ఎక్స్‌రేలోనే ఎముక దారికొచ్చినట్టు కనిపించింది. ఇక నడిపించమంది డాక్టరు. పక్క ఊళ్ళో ఒక పెద్దావిడ మినీలకి బండి కట్టడం నేర్పుతుందని తెలిసి వెళ్ళాను. ఆవిడ దగ్గర ఉన్నవాటిలో ఒకటి వృద్ధాశ్రమాలకి వెళ్తుంది. మంచం అంచున గడ్డం ఆనించి, ఎంతసేపు నిమిరినా కదలకుండా నిలబడుతుంది. అమెరికాలో 2011 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, తర్ఫీదైన మినియేచర్ గుర్రాన్ని వికలాంగులు సహాయ జంతువుగా దుకాణాల్లోకి, ఆఫీసుల్లోకి తీసుకెళ్ళొచ్చు, ఆ చోటు దానికి సరిపోతే. కళ్ళు కనిపించనివాళ్ళకి దారి చూపే గుర్రాలున్నాయని నాకు అక్కడే తెలిసింది. కుక్కలంటే పడనివాళ్ళకి ఇదో దారి. పైగా కుక్క పదీ పన్నెండేళ్ళు ఉంటే ఇవి 25, 30 ఏళ్ళు బతుకుతాయి. ఆ మాట విన్నాక ఇంటికెళ్ళి కల్యాణిని కొత్తగా చూశాను. మా అమ్మాయి పెళ్ళిలో కూడా ఇది ఉంటుంది.

బండి కట్టడానికి మూడు నెలలు పట్టింది. ముందు వీపు మీద పట్టెడ, తోక కింద తోలుపట్టీ అలవాటు చేయడం. పక్కచూపులు ఆపడానికి కళ్ళకి గంతలు. తర్వాత పొడవాటి పగ్గాలు పట్టుకుని వెనకాల నడుస్తూ తోలడం, వారాల తరబడి. నేను ఎన్ని మైళ్ళు నడిచానో! ఆ తర్వాత టైరు లాగించడం, కంకర మీద దాని చప్పుడుకి బెదరకుండా ఉండేదాకా. ఖాళీ బండిని మా ఆయన దాని వెనక లాక్కుంటూ నడిచాడు కొన్ని రోజులు. కొరడా ఉంటుంది కానీ కొట్టడానికి కాదు. స్వారీ చేసేవాడు మోకాలితో చెప్పేది ఇక్కడ దాని కొసతో తాకి చెప్పాలి. అన్నిటికంటే ముందు నేర్పింది "వో" అనగానే ఆగడం. బండి వెనకున్నాక ఆగడమే ప్రాణం.

పని మొదలయ్యాక ఆ గుర్రం వేరు. పట్టెడ చేతిలో చూస్తే గేటు దగ్గరకి తనే వచ్చి నిలబడేది. చెవులు నా గొంతువైపు తిరిగి ఉండేవి. మెడ మీది గట్టు కరిగింది. ఫిబ్రవరిలో సరిగ్గా 100 కిలోలు తూగింది. మళ్ళీ ఇన్సులిన్ పరీక్ష చేయిస్తే డాక్టరు మొహంలో నవ్వు చూశాను.

మార్చిలో అమ్మ మళ్ళీ వచ్చింది. పచ్చికలోకి వదిలే గంటసేపు కల్యాణి మూతికి ఉన్న బుట్ట చూసి, తిడుతుందేమో అనుకున్నాను. "చిక్కమా! మంచి పని చేశావు. నూర్పిళ్ళప్పుడు ఎడ్లకి కట్టేవాళ్ళు" అంది. అడుగున చిన్న కంతలోంచి రెండు మూడు పోచలే అందుతాయని వంగి చూసుకుని తృప్తిపడింది.

ఆ ఆదివారం బండి కట్టాను. రెండు చక్రాల బండి 36 కిలోలు, అమ్మ 48. చదును నేల మీద చక్రాల బండిలో తన బరువంత లాగగలదు ఈ గుర్రం, కాబట్టి బెంగలేదు. నేను ముందు తాడు పట్టుకుని నడుస్తానన్నాను. అమ్మ చీర దోపుకుని ఎక్కి కూర్చుని పగ్గాలందుకుంది. ఎవరూ చెప్పకుండానే వేళ్ళ మధ్య సరిగ్గా పట్టుకుంది. నాలుకతో టక్ టక్ మంది. కల్యాణి కదిలింది.

కంకర దారిలో ఉత్తరాల పెట్టె దాకా వెళ్ళాం. అమ్మ ఏమీ మాట్లాడలేదు. గిట్టల చప్పుడు వింటోంది. పెట్టె దగ్గర "హో" అంది, వాళ్ళ నాన్న అన్నట్టు. నేను నేర్పిన "వో"కీ దానికీ తేడా కల్యాణికి తెలియలేదు, ఆగింది. తిరుగు దారిలో నన్ను తాడు వదిలెయ్యమంది. వదిలి, పక్కనే నడిచాను.

ఇంటికొచ్చి పట్టెడ విప్పాక, దాని కింద పట్టిన చెమటని అమ్మ తువ్వాలుతో తుడిచింది, బొచ్చు వాలే వైపుకే. కొట్టంలోకి వెళ్ళి ఎండుగడ్డి తూకంలో వేసింది. కల్యాణి గుమ్మంలోంచి మెడ చాపి చూస్తోంది. తూకం 540 చూపించింది. అమ్మ ఒక్క క్షణం దానివైపు చూసి, ఒక గుప్పెడు తీసి మోపులో వెనక్కి పెట్టేసింది.