సెయిచో మత్సుమోతో: నాలుగు నిమిషాల సందులో ఒక నవల

జపాన్ నేరకథా రచయిత మత్సుమోతో నవల చదివేటప్పుడు పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకోండి. హంతకుడెవరన్నది ఆయన పెద్దగా దాచడు. పుస్తకం సగానికి రాకముందే అనుమానం ఒక మనిషి మీద వాలుతుంది. ఆ మనిషి చెప్పిన అబద్ధం ఎలా నిలబడింది, ఎక్కడ పట్టుకుని లాగితే ఊడుతుంది అన్నదే కథ.

దీనికి ఆయన నవల 'టెన్ టో సెన్'ని మించిన ఉదాహరణ లేదు. 1957లో 'తబి' అనే ప్రయాణాల పత్రికలో సీరియల్‌గా మొదలై, 1958లో పుస్తకంగా వచ్చింది. ఫుకువోకా దగ్గరి కషీ తీరంలో ఒక ప్రభుత్వోద్యోగి, ఒక రెస్టారెంటు పరిచారిక పక్కపక్కనే చనిపోయి కనిపిస్తారు. సయనైడ్. ప్రేమికుల ఆత్మహత్యేనని అందరూ ఫైలు మూసేయబోతారు. టొరిగై అనే స్థానిక డిటెక్టివ్‌కి మాత్రం మనసొప్పదు. చనిపోయినవాడి దగ్గర దొరికిన డైనింగ్ కార్ రసీదులో 'ఒక్కరికి' అని ఉంది. కలిసి చావడానికి బయల్దేరినవాడు ఒక్కడే వెళ్లి ఎందుకు తిన్నాడు?

ఇక టోక్యో స్టేషన్. హకాతా వెళ్లే అసకాజె ఎక్స్‌ప్రెస్ సాయంత్రం 5:49కి 15వ ప్లాట్‌ఫాం మీదికి వచ్చి, 6:30కి కదులుతుంది. ఆ జంట అందులో ఎక్కడం చూసిన సాక్షులు 13వ ప్లాట్‌ఫాం మీద ఉన్నారు. మధ్య పట్టాల మీద రైళ్లు వస్తూ పోతూ చూపుకు అడ్డం పడుతుంటాయి. అసకాజె ఆగి ఉన్న 41 నిమిషాల్లో ఇటునుంచి అటు కనిపించేది 5:57 నుంచి 6:01 దాకా, నాలుగే నిమిషాలు. సరిగ్గా అప్పుడే సాక్షులు అక్కడ ఉండటం యాదృచ్ఛికమా, లేక ఎవరైనా తెచ్చి నిలబెట్టారా?

మామూలు ఎలిబీలో నేరస్థుడు 'నేనక్కడ లేను' అంటాడు. ఇక్కడ మొదటి ఎత్తు అది కాదు, ఇతరులు ఒక దృశ్యాన్ని చూసేలా చేయడం. అది అంత కచ్చితంగా కుదరడమే చివరికి పథకం ఉందనడానికి ఆధారమవుతుంది. ఈ ఒక్క మలుపు కోసం పుస్తకం మళ్లీ మళ్లీ చదవొచ్చు.

లోపాలూ ఉన్నాయి. ఆ జంట సరిగ్గా ఆ నాలుగు నిమిషాల్లోనే అటుగా నడవాలి కదా; దాన్ని ఎలా ఖాయం చేశారన్నది నవలలో పలచగానే ఉంది. రెండోది ఇంకా పెద్దది. నిందితుడు విమానంలో వెళ్లి ఉండొచ్చన్న ఆలోచన పోలీసులకు మరీ ఆలస్యంగా వస్తుంది. పదిహేడు గంటలకు పైగా సాగే రైలు ప్రయాణం చుట్టూ కథ అల్లేసరికి రచయిత దృష్టీ పట్టాలకే అతుక్కుపోయిందనిపిస్తుంది. టైంటేబుల్ మిస్టరీ రాయాలనుకునేవాళ్లు అన్నిటికన్నా వేగమైన దారిని మొదటే మూసేయాలి. లేకపోతే పాఠకుడు డిటెక్టివ్ కన్నా ముందుంటాడు.

ఇంతటి కొలత ఆయనకు చదువుతో వచ్చింది కాదు. 1909లో పుట్టాడు, పేద కుటుంబం. చదువు ప్రాథమిక స్థాయితోనే ఆగింది. కొకురా నగరంలో ఒక ఎలక్ట్రికల్ కంపెనీలో చిన్నాచితకా పనులు, తర్వాత ప్రింటింగ్ ప్రెస్సులో, ఆపైన అసాహి పత్రికలో ప్రకటనల డిజైన్ పని. మొదటి కథ 'సైగో సత్సు'ని పత్రిక పోటీకి పంపేనాటికి నలభై ఏళ్లు. 1953లో అకుతగావా సాహిత్య బహుమతి వచ్చిన కథలో హత్యే లేదు. రచయిత మోరి ఓగై కొకురాలో గడిపిన రోజుల గురించి ఒక యువకుడు ఇల్లిల్లూ తిరిగి అడిగి తెలుసుకుంటాడు, అంతే. కానీ గుమ్మం గుమ్మం తొక్కే ఆ ఓపికే తర్వాత టొరిగైలో కనిపిస్తుంది. 1956లో ఉద్యోగం మానేశాడు. 1992లో చనిపోయేదాకా రాస్తూనే ఉన్నాడు.

ఆయన మరో నవల 'సునా నో ఉత్సువా'లో టైంటేబుల్ స్థానాన్ని మాండలికం తీసుకుంటుంది. హతుడి సంభాషణలో ఈశాన్యపు యాస, 'కమెదా' అన్న మాట విన్నామని సాక్షులంటారు. డిటెక్టివ్ ఇమానిషి అకితా ప్రాంతంలోని కమెదా ఊరికి వెళ్లి వట్టి చేతులతో తిరిగొస్తాడు. దేశానికి మరో వైపున, ఇజుమోలోనూ అలాంటి యాసే ఉందని తర్వాత తెలుస్తుంది. అక్కడ కమెదాకె అనే ఊరుంది. తప్పుదారి పట్టించిన ఆధారమే సరైన దారి చూపించడం అద్భుతం. శబ్దంతో చంపే పద్ధతి మాత్రం నమ్మేలా లేదు. 1974 సినిమాలో దాన్ని తీసేశారు, మంచి పని చేశారు.

ఇంగ్లీషులో చదవాలంటే మొదట 'టోక్యో ఎక్స్‌ప్రెస్' పట్టుకోండి. 'టెన్ టో సెన్'కి పెంగ్విన్ వాళ్ల అనువాదం అది, చిన్న పుస్తకం. ఆ తర్వాత 'ఇన్‌స్పెక్టర్ ఇమానిషి ఇన్వెస్టిగేట్స్', అంటే 'సునా నో ఉత్సువా' అనువాదం. అందులో పాత్రలు ఎక్కువ, కాబట్టి పేర్లు ఒక కాగితం మీద రాసుకుంటూ వెళ్లండి. జపాన్ మ్యాపు కూడా దగ్గరుంచుకుంటే అకితాకూ ఇజుమోకూ మధ్య దూరం ఎంతో కళ్లకు కడుతుంది.