మెకాంగ్ గట్ల మీద గోదావరి వాడి బండి

భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద బతికే మాలాంటి టెక్నీషియన్లలో ఎవరో ఒకరు వియత్నాం వెళ్లొచ్చామని చెప్పడం ఈమధ్య మామూలైపోయింది. నన్ను పంపింది మెకాంగ్ డెల్టా చివర, బక్ లియూ వైపు. చెరువుకీ చెరువుకీ మధ్య బస్సుండదు, గట్టు మీద కారు పట్టదు, బండి తప్పదు. మనకేంటండీ, చించినాడ వంతెన మీద లారీల పక్కన దూరినవాళ్లం, సంక్రాంతికి భీమవరం సెంటర్లో బండి తోలినవాళ్లం అన్న ధీమా మనందరికీ ఉంటుంది. ఆ అలవాట్లలో సగం అక్కడ బాగానే పనికొచ్చాయి. మిగతా సగం వదిలించుకోవడానికే టైం పట్టింది.

ముందు కాగితాల సంగతి. మన ఆర్టీఏ ఆఫీసులో ఫారం 4ఏ పెట్టి వెయ్యి రూపాయలు కడితే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. అది జేబులో ఉంటే ఎక్కడైనా నడపొచ్చనుకుంటాం. బయల్దేరే ముందు, నాకంటే సీనియర్, ఆకివీడు ఆయన ఒకాయనకి ఫోన్ చేశాను. "తమ్ముడూ, అది థాయ్‌లాండ్‌లో చూపించుకో, వియత్నాంలో కుదరదు" అన్నారు. మనకిచ్చే పర్మిట్ 1949 నాటి జెనీవా రోడ్డు రవాణా ఒప్పందం ప్రకారం ఇచ్చేది. వియత్నాం గుర్తించేది 1968 నాటి వియన్నా ఒప్పందం బాపతు పర్మిట్లని. పుస్తకం చూడ్డానికి ఒకేలా ఉంటుంది, చెల్లుబాటు మాత్రం వేరు.

బళ్లు అద్దెకిచ్చే షాపువాళ్లు ఇవేవీ అడగరు. డబ్బులు చూసుకుని తాళం ఇచ్చేస్తారు. పోలీసు ఆపితే ఫైనుతో పోతుందేమో గానీ అసలు ఇబ్బంది ఇన్సూరెన్స్ దగ్గర వస్తుంది. చెల్లే లైసెన్స్ లేకుండా నడుపుతూ పడితే ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్లు సాధారణంగా చేతులెత్తేస్తారు. ఆకివీడు ఆయనకి తెలిసిన కుర్రాడొకడికి అక్కడ కాలు విరిగితే, ఆసుపత్రి బిల్లు మొత్తం ఇంటి దగ్గర్నుంచే పంపాల్సొచ్చిందట. ఆ మాట విన్నాక నాకు టెన్షన్ పట్టుకుంది.

దారి లేకపోలేదు. 50 సీసీ దాటని బళ్లకీ, మోటారు 4 కిలోవాట్లు దాటని ఎలక్ట్రిక్ బళ్లకీ అక్కడ లైసెన్స్ అక్కర్లేదు. అవి గంటకి 50 కిలోమీటర్లు మించి పోవు, స్కూలు పిల్లలు ఎక్కువగా నడిపేవి అవే. నివాస కార్డు చేతికొచ్చాక మన లైసెన్సుని వియత్నామీలోకి అనువాదం చేయించి, నోటరీ వేయించి, అక్కడి లైసెన్సుగా మార్చుకోవచ్చు. అది వచ్చేదాకా నేను ఎలక్ట్రిక్ బండే నడిపాను. చెరువు దగ్గరికి ఆ పిల్లల బండి మీద వెళ్తుంటే రైతులు నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకున్నాను. అది జోరుగా పోలేకపోవడం మొదట్లో నాకు మేలే చేసింది.

హెల్మెట్ మాత్రం ఇక్కడి నుంచే పట్టుకెళ్లాను. 2007 డిసెంబర్ 15 నుంచి అక్కడ అన్ని రోడ్ల మీదా హెల్మెట్ తప్పనిసరి, పెట్టుకోనివాళ్లు చాలా అరుదుగా కనిపిస్తారు. ఆ విషయంలో మనకంటే వందరెట్లు నయం. కానీ వాళ్లు పెట్టుకునేవాటిలో చాలావరకు నెత్తి మీద టోపీలాంటి పలచటి సరుకు, దవడకి అడ్డం ఏమీ ఉండదు. నాది ఐఎస్ఐ మార్కు ఫుల్ ఫేస్. విమానంలోకి చేతిలో పట్టుకుని వెళ్తుంటే గన్నవరంలో సెక్యూరిటీ వాళ్లు కాస్త వింతగా చూశారు, అంతే.

కుడి పక్కన నడపడం అనగానే రద్దీలో కష్టమేమో అనుకుంటారు. రద్దీలో ఏ కష్టమూ లేదు, ముందు బండి వెనకాల పోవడమే. తెల్లారగట్ట మేత టైముకి ఖాళీ రోడ్డెక్కినప్పుడు ఉంటుంది అసలు సంగతి. అనుసరించడానికి ఎవరూ ఉండరు, చెయ్యి దానంతటదే ఎడమకి లాగుతుంది. గేటులోంచి బయటికొచ్చేటప్పుడు, పెట్రోల్ బంకులో ఆగి మళ్లీ రోడ్డెక్కేటప్పుడు, వెనక్కి తిప్పుకున్నాక, ఈ చోట్లలోనే ఎక్కువగా అలా అవుతుంది. అందుకే కుడి అద్దానికి ఎర్ర రిబ్బను కట్టుకున్నాను. బండి కదిలించేముందు ఆ రిబ్బను చూడాలి, అది మట్టి అంచు వైపు ఉండాలి. రౌండానా దగ్గరా అంతే, మనం గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతాం, అక్కడ దానికి ఎదురు. రోడ్డు దాటే ముందు మెడ ముందుగా ఎడమకి తిరగాలి. ఇది బండి మీదకంటే నడిచేటప్పుడు ఇంకా ప్రమాదం.

అద్దాల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. అక్కడ చట్టం ప్రకారం బండికి ఎడమ అద్దం ఉండి తీరాలి, ఎందుకంటే దాటిపోయేవాడు ఎడమ పక్క నుంచి వస్తాడు. మన కుర్రాళ్లు కొత్త బండి కొన్న వారానికే అద్దాలు పీకి అటక మీద పడేస్తారు. వాళ్లు అక్కడికి వెళ్తే ఆ ఒక్క అలవాటు చాలు ఆసుపత్రికి చేర్చడానికి.

ఇక రద్దీ. బక్ లియూ చిన్నదే గానీ కాన్ థో, హోచిమిన్ సిటీ వెళ్తే తెలుస్తుంది. పది కోట్ల జనం ఉన్న దేశంలో రిజిస్టరైన మోటార్ సైకిళ్లే ఏడు కోట్లకు పైన. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ, లాకుల దగ్గర గుర్రపుడెక్క కదిలినట్టు, ఒకదాన్నొకటి ఆనుకుని మెల్లగా జరుగుతూనే ఉంటాయి, పూర్తిగా ఆగవు. మన పద్ధతి హారన్ కొట్టి, సందు చూసి, దూసుకుపోయి, అడ్డం వస్తే గట్టిగా బ్రేకు పట్టడం. అక్కడ ఆ చివరి రెండూ చేస్తే పడతాం. ఎందుకంటే ప్రతివాడూ తన ముందున్న చక్రాన్నే చూస్తాడు, వెనక ఏముందో వాడికి పట్టదు. మన వెనకవాడు కూడా మన చక్రాన్నే నమ్ముకుని వస్తున్నాడు. ఉన్నట్టుండి ఆగితే వాడు మన మీదికొస్తాడు, ఉన్నట్టుండి పక్కకి తిప్పితే పక్కవాడు. పాతిక, ముప్పై వేగంలో ఒకే తీరున పోవాలి. పక్కకి జరగాలంటే ముందు ఇండికేటర్ వేసి, ఆ తర్వాత కొద్దికొద్దిగా జరగాలి. చుట్టూ ఉన్నవాళ్లు వాళ్లంతట వాళ్లే సర్దుకుంటారు. నేను మొహాలు చూడ్డం మానేసి ముందు చక్రాలు చూడ్డం మొదలెట్టాక సగం బెరుకు పోయింది. మొహం ఎటైనా తిరుగుతుంది, బండి మాత్రం చక్రం తిరిగిన వైపే వస్తుంది. హారన్ కూడా తిట్టడానికి కాదు, "ఇక్కడున్నాను" అని ఓ చిన్న కూత, అంతే.

ఎడమకి తిరగడం అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే ఎదురొచ్చే వరసని అడ్డంగా కోసుకుంటూ పోవాలి. ఒంటరిగా ఎప్పుడూ తిరగలేదు. తిరగబోయే నలుగురైదుగురు పోగయ్యేదాకా ఆగి, వాళ్లకి ఎడమ పక్కన చేరేవాణ్ని. మలుపులో ఎదురు బళ్లు కుడి నుంచి వస్తాయి, ముందు వాళ్లు ఉంటారు, తర్వాత నేను. స్వార్థమే, కాదనను. రద్దీ మరీ ఎక్కువైతే నేరుగా దాటి, ముందుకెళ్లి, వెనక్కి తిప్పుకుని వచ్చేవాణ్ని.

సిగ్నళ్ల దగ్గర అక్కడ ఇదివరకు కాస్త చూసీచూడనట్టు ఉండేదట. 2025 జనవరి 1 నుంచి కొత్త జరిమానాలు వచ్చాయి. ఎర్రలైటు దాటితే బండికి 40 లక్షల నుంచి 60 లక్షల డాంగులు, ఫుట్‌పాత్ ఎక్కించినా అంతే. మన లెక్కలో పదివేల రూపాయల పైమాటే. లైటు దగ్గర జనం గీత వెనకాలే ఆగి ఉండటం చూస్తే ముచ్చటేసింది. అమలాపురం గడియార స్తంభం దగ్గర ఇలాంటిది ఊహించుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

లారీల విషయంలో ఇక్కడి భయం అక్కడా ఉంచుకోవాలి. మన 216 జాతీయ రహదారి మీద లారీ వెనకాల పోయినట్టే, అక్కడి ఒకటో నంబరు రహదారి మీద కంటైనర్ల పక్కన పోవాలి. పొడుగు కంటైనరు కుడికి తిరుగుతుంటే దాని కుడి పక్కనున్న బండి డ్రైవరుకి కనపడదు. వెనకాలే ఆగిపోవాలి. ఎక్స్‌ప్రెస్ హైవేల మీదికి బళ్లని రానివ్వరు, ఫోన్లో మ్యాపుని బైకు అని మార్చుకోకపోతే అది నేరుగా అటే తీసుకుపోతుంది. అలాగని రోడ్డు అంచుకి మరీ అతుక్కుపోకూడదు. ప్రతి ఇంటి ముందునుంచీ, ప్రతి కాలవ వంతెన మీంచీ ఎవరో ఒకరు చూడకుండా వచ్చేస్తారు, అంచున ఎదురుగా వచ్చేవాళ్లూ ఉంటారు. కోతల టైములో ధాన్యం కూడా రోడ్డు మీదే ఆరబోస్తారు. అది చూసి మన ఊరే అనిపించింది. వడ్ల మీద బ్రేకు పట్టకూడదని మనకి ఒకరు చెప్పక్కర్లేదు కదా.

నా గోదావరి అలవాటు పూర్తిగా పనికొచ్చింది మాత్రం రేవుల్లో. నరసాపురంలో సఖినేటిపల్లి పంటు ఎక్కినవాళ్లకి ఈ విద్య వచ్చినట్టే. మెకాంగ్ పాయల మీద పెద్ద వంతెనలు వచ్చినా, లోపలి ఊళ్లకి ఇంకా ఫెర్రీలే దిక్కు. ఇనప ర్యాంపు తడిస్తే, పాటు వచ్చి నాచు బయటపడితే, దాని మీద ముందు బ్రేకు ముట్టుకోకూడదు. వెనక కూర్చున్నవాళ్లని దించెయ్యాలి. ముందు బండి పూర్తిగా పైకెక్కేదాకా ఆగి, హ్యాండిల్ నిటారుగా పెట్టుకుని, రెండు కాళ్లూ దించి ఒకే ఊపున పోవాలి. మధ్యలో ఆగితే కాలు జారుతుంది. నాతో వచ్చిన మన తెలుగు కుర్రాడు, పుట్టి పెరిగింది హైదరాబాదు, ఆ ర్యాంపు చూసి బండి నాకిచ్చి నడిచి దిగాడు. తెలివైన పనే.

వాన పెద్ద చికాకు. మే నుంచి నవంబర్ దాకా మధ్యాహ్నాలు కుమ్మేస్తుంది. అక్కడివాళ్లు హ్యాండిల్ మీంచి కప్పుకునే వదులు ప్లాస్టిక్ కోటు వేసుకుంటారు, హెడ్‌లైటు కనపడేలా దానికి పారదర్శకం ముక్క కూడా ఉంటుంది. అది గాలికి ఎగిరి చక్రంలో చుట్టుకుంటుందని నాకు భయం. చొక్కా, ప్యాంటు విడిగా ఉండే రెయిన్‌కోటు కొనుక్కున్నాను. పోటు వచ్చినప్పుడు వీధుల్లోకి నీళ్లు వస్తాయి, వరదకి మన లంకల్లో కాజ్‌వేలు మునిగినట్టే. రోడ్డెక్కడో గుంతెక్కడో తెలియనప్పుడు ఊరివాడు పోయిన జాడలోనే పోవాలి.

ఇక మందు. చెరువులో రొయ్యలు పట్టాక రైతు విందు పెడతాడు, బీరు లేకుండా ఊరుకోడు. కాదంటే నొచ్చుకుంటాడేమోనని మనవాళ్లు ఒక్క గ్లాసు పుచ్చుకుంటారు. 2020 జనవరి నుంచి అక్కడ బండి నడిపేవాడి ఊపిరిలో మద్యం ఆనవాలే ఉండకూడదు, ఒక్క గ్లాసుకీ జరిమానా ఉంటుంది. నేను తాళం తీసి బల్ల మీద పెట్టి స్టీరింగ్ తిప్పుతున్నట్టు చేతులు చూపించేవాణ్ని. వాళ్లకీ ఆ తనిఖీల సంగతి బాగా తెలుసు గనక ఎవరూ బలవంతపెట్టలేదు, ఐసు వేసి టీ ఇచ్చేవాళ్లు. తాగాలనే ఉంటే బండి అక్కడే వదిలేసి గ్రాబ్ (మన ఓలా, ఊబర్ లాంటిది) కారులో రావడం నయం.

ఇప్పుడు హోచిమిన్ సిటీకో, దా నాంగ్‌కో సరదాగా తిరగడానికి వెళ్లే మావాళ్లు ఫోన్ చేసి, అక్కడ బండి అద్దెకి తీసుకోమంటారా అని అడుగుతుంటారు. వద్దనే చెప్తాను. మా పిన్ని కొడుకైతే, "నువ్వు తోలావుగా అన్నయ్యా" అని వాదించాడు. నాకు అక్కడి లైసెన్స్ ఉంది, నా జీతం ఆ రోడ్ల మీద తిరగడానికే ఇచ్చారు. వాడికి ఉన్నది నాలుగు రోజుల సెలవు. చివరికి గ్రాబ్ బైకు వెనక కూర్చునే తిరిగాడు. డ్రైవరు ఇచ్చే హెల్మెట్ స్ట్రాపు చాలాసార్లు వదులుగా ఉంటుంది, గడ్డం కింద రెండు వేళ్లు పట్టేలా బిగించుకున్నాకే బండి ఎక్కమని చెప్పాను. ఎక్కే ముందు ఫొటో తీసి పంపించాడు కూడా, స్ట్రాపు సరిగానే ఉంది, వెనకాల బ్యాగు మాత్రం ఒక్క భుజానికే వేలాడుతోంది. ముందుకి వేసుకోరా అని మళ్లీ మెసేజ్ పెట్టాను.