కెన్యా అడవులకు 15 కిలోల సంచి

నైరోబీలోని విల్సన్ విమానాశ్రయం నుంచి మసాయి మారా అభయారణ్యానికి ఎగిరే చిన్న విమానాల్లో మనిషికి సాధారణంగా 15 కిలోల సామానే అనుమతిస్తారు. చేతిసంచీ, కెమెరా కూడా ఆ లెక్కలోకే వస్తాయి. పైగా సామాను విమానం పొట్ట కింద ఉండే ఇరుకు అరలో కుక్కవలసి ఉంటుంది కాబట్టి చక్రాల గట్టి సూట్‌కేసు పనికిరాదు, గుడ్డ సంచే కావాలి. శ్రీకాకుళం నుంచి హైదరాబాదులో పెళ్లికి వెళ్లినా మనిషికో పెట్టె సర్దుకునే మనబోటి వాళ్లకు ఈ ప్రయాణంలో ఏం తీసుకెళ్లాలన్నది కాక ఏం మానుకోవాలన్నదే అసలు ప్రశ్న అవుతుంది.

బట్టల విషయంలో మన జిల్లా వాళ్లం అదృష్టవంతులమనే చెప్పాలి. సఫారీ దుస్తుల పేరిట ఖరీదైన చొక్కాలు కొనే బదులు, రంగు వేయని పొందూరు ఖద్దరు చొక్కాలు మూడు పెట్టుకుంటే చాలు. అవి తేలిక, చెమటను పీల్చుకుంటాయి, రాత్రి ఉతికి ఆరేస్తే తెల్లారేసరికి చాలావరకు ఆరిపోతాయి. తెల్లగా చలువ చేసినవి మాత్రం వద్దు, అక్కడి దుమ్ముకు మధ్యాహ్నానికే మాసిపోతాయి. ముదురు నీలం, నలుపు అసలే వద్దు. మనిషిని కుట్టి రక్తం పీల్చే సెట్సీ ఈగలను ఆ రంగులు ఆకర్షిస్తాయి. వాటిని పట్టే వలలను నీలం, నలుపు గుడ్డలతోనే కుడతారు. సైనికుల దుస్తుల్ని పోలిన మచ్చల బట్టలు కొన్ని ఆఫ్రికా దేశాల్లో చట్టవిరుద్ధం కాబట్టి వాటినీ ఇంట్లోనే వదిలేయడం మేలు.

భూమధ్యరేఖ పక్కనే కదా, చలెక్కడిది అనుకోకూడదు. మసాయి మారా సముద్రమట్టానికి 1,500 మీటర్లకు పైనే ఉంటుంది, మన అరకు సుమారు 900 మీటర్లే. జూలై, ఆగస్టు నెలల్లో తెల్లవారకముందే పైకప్పు తెరిచిన జీపులో బయలుదేరితే గాలి చెవుల్ని కోసేస్తుంది. అరకు కోసం కొన్న స్వెట్టరు, దాని మీద గాలి ఆపే పల్చటి జాకెట్టు, ఇంట్లో అందరూ నవ్వే మంకీ క్యాపు, ఈ మూడూ ఉండవలసినవే.

కెన్యా 2017 ఆగస్టు 28 నుంచి ప్లాస్టిక్ క్యారీ కవర్లను నిషేధించింది. చెప్పులకొక కవరు, తడి తువ్వాలుకొక కవరు అంటూ సర్దే అలవాటును విమానం ఎక్కకముందే వదులుకోవాలి. వీధి చివరి దర్జీ దగ్గర మిగిలిన ముక్కలతో తాడు బిగించే చిన్న సంచులు కుట్టించుకుంటే, మొత్తం కలిపినా ఒక టీషర్టు బరువు ఉండవు. "ఊరుకాని ఊరెల్తన్నావు, ఆవకాయ ఒట్టుకెళ్లకపోతే ఏటి తింతావురా" అని మా అమ్మ పట్టుబట్టింది. నూనె కారే సీసాకు బదులు, మర మూత ఉన్న స్టీలు డబ్బాలో కందిపొడితో సరిపెట్టాం. డేరాల్లో తినుబండారాలు ఉంచవద్దని చాలా క్యాంపుల వాళ్లు చెబుతారు, బబూన్లనే పెద్ద కోతులు వాసన పట్టి లోపలికి దూరుతాయి. అందుకే ఆ డబ్బాను వంటశాలకు అప్పగించడమే మంచిది.

కాగితాల్లో తప్పనిసరిగా చూసుకోవలసింది ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం. కెన్యా నుంచి తిరిగివచ్చినప్పుడు అది లేకపోతే మన దేశంలోనే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే పత్రం చెల్లుబాటులోకి వస్తుంది కాబట్టి చివరి వారంలో పరిగెత్తితే లాభం లేదు. మనకు దగ్గరి కేంద్రం విశాఖలోని పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్. మలేరియా మాత్రల సంగతి వైద్యుణ్నే అడగాలి, కొన్నింటిని ప్రయాణానికి ముందు నుంచే మొదలుపెట్టవలసి ఉంటుంది.

బరువు తగ్గించాలని బైనాక్యులర్స్‌ను మాత్రం తీసేయవద్దు. నా మట్టుకు కెమెరా కంటే అదే ముఖ్యం. ఇంటిల్లిపాదికీ ఒకటే ఉంటే చెట్టు మీది చిరుత కొమ్మ దిగేలోపు వంతుల గొడవ తేలదు, కనుక ఇద్దరికొకటైనా ఉండాలి. 8x42 రకం అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, కుదుపుల్లోనూ బొమ్మ మరీ వణకదు. శీతకాలమైతే ఒకసారి మన జిల్లాలోనే ఉన్న తేలినీలాపురం వెళ్లి చింతచెట్ల మీది గూడబాతుల మీద చేయి అలవాటు చేసుకోవచ్చు. పెద్ద లెన్సు ఉన్నవాళ్లు ట్రైపాడ్ మానేసి ఖాళీ గుడ్డ సంచి ఒకటి పెట్టుకోవాలి. అక్కడి వంటశాలలో చిక్కుడు గింజలు అడిగి నింపుకుని జీపు అంచున వేస్తే లెన్సు దాని మీద కుదురుగా కూర్చుంటుంది, తిరిగి వచ్చేటప్పుడు గింజలు వాళ్లకే ఇచ్చేయవచ్చు. ఛార్జర్ల కోసం మూడు పలక పిన్నుల అడాప్టరు తప్పదు, మన గుండ్రటి పిన్నులు అక్కడి సాకెట్లలో పట్టవు.