స్టిక్కర్ మీది చిన్న అక్షరాలు: నా ఎస్‌ఎంపీఎస్ అనుభవం

మాది నల్గొండ జిల్లా, చండూరు దగ్గర ఒక పల్లె. పెళ్లిళ్లకు ఫోటోలు, వీడియోలు తీసి, ఇంట్లోనే కూర్చుని ఎడిటింగ్ చేసుకోవడం నా పని. 2023లో మాఘమాసం పెళ్లిళ్లు అయిపోయి, ఆరు పెళ్లిళ్ల వీడియోలు ఒకేసారి మీద పడ్డాయి. సరిగ్గా అప్పుడే నా సిస్టమ్ టప్పున ఆగిపోవడం మొదలైంది. ఇంట్లో కరెంటు ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది, మానిటర్ లైటు వెలుగుతోంది. సీపీయూ ఒక్కటే, ఎవరో వైరు పీకేసినట్టు ఆగిపోయేది. బ్లూ స్క్రీన్ లేదు, ఎర్రర్ లేదు. మళ్లీ ఆన్ చేసి విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో చూస్తే ‘కెర్నల్ పవర్ 41’ అని ఒక్క లైను. సిస్టమ్ పద్ధతి ప్రకారం షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని దాని అర్థం. ఎందుకు ఆగిందో అది చెప్పదు.

నాకు ఎంత టెన్షన్ అయిందో చెప్పలేను. పాట పాడినవాళ్లు మళ్లీ పాడతారు, కానీ జీలకర్ర బెల్లం పెట్టిన క్షణం మళ్లీ రాదు. ఫుటేజ్ రెండో హార్డ్ డిస్కులో కూడా ఉంది కాబట్టి ఊపిరి తీసుకున్నాను.

ఆ సిస్టమ్‌ను నేనే అసెంబుల్ చేసుకున్నాను. ఇంటెల్ ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ, రెండు హార్డ్ డిస్కులు. ఫోర్‌కే వీడియో కోసం 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. డబ్బంతా వీటికే అయిపోయింది. క్యాబినెట్, దాంతోపాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్ సామాన్లకు కావలసిన వోల్టుల్లోకి మార్చి ఇచ్చే డబ్బా) మాత్రం పాత సిస్టమ్‌వే ఉంచాను. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 450 వాట్స్ అని ఉంది కదా, చాలదా అనుకున్నాను. గ్రాఫిక్స్ కార్డుకు కావలసిన 8 పిన్ల వైరు దాంట్లో లేదు. షాపులో 150 రూపాయలకు ఒక కన్వర్టర్ ఇచ్చారు. హార్డ్ డిస్కులకు పెట్టే రెండు పాత మోలెక్స్ కనెక్టర్లను కలిపి 8 పిన్నులుగా మార్చే వైరు అది.

మొదట తప్పంతా సాఫ్ట్‌వేర్‌ది అనుకుని విండోస్ మళ్లీ వేశాను. ప్రాసెసర్ వేడెక్కుతోందేమోనని థర్మల్ పేస్ట్ మార్చాను. రెండు రోజులు పోయాయి. మూడో రోజు సాయంత్రం రెండర్ (ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియో ఫైలుగా తయారుచేయడం) పెట్టి టీ తాగుతుంటే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. స్విచ్ తీసేసి, పక్క డోరు విప్పి చూశాను. ఆ కన్వర్టర్ తెల్ల ప్లగ్గులో పసుపు వైరు దిగే మూల గోధుమ రంగుకు మాడి, మెత్తబడి, లోపలి పిన్నుకు అతుక్కుపోయింది. లాగితే ప్లగ్గు రాలేదు, వైరు చేతికొచ్చింది.

మా బావకు చండూరులో మోటార్ వైండింగ్ షాపు ఉంది. కంప్యూటర్లు ఆయన పని కాదు గానీ కరెంటు లెక్క ఆయన దగ్గరే నేర్చుకోవాలి. డబ్బాను అక్కడికి తీసుకెళ్లాను. ఆయన 450 అనే అంకె వైపు చూడనే లేదు. పక్కకు తిప్పి, కళ్లద్దాలు పెట్టుకుని, స్టిక్కర్ మీది చిన్న గళ్లు చదివాడు.

“ఇది బోరు మోటారు లెక్కనే బావా. మీద ఎన్ని హెచ్‌పీ రాసిండో కాదు, ఏ లైన్ల ఎన్ని ఆంపియర్లు ఇస్తదో చూడాలె” అన్నాడు.

కాగితం మీద ఇద్దరం లెక్క కట్టాం. 3.3 వోల్టుల లైనుకు 28 ఆంపియర్లు, అంటే 92 వాట్లు. 5 వోల్టులకు 30 ఆంపియర్లు, 150 వాట్లు. 12 వోల్టులకు 16 ఆంపియర్లు, 192 వాట్లు. మిగతా చిన్న లైన్లు రెండూ కలిపి 16 వాట్లు. అన్నీ కూడితే సరిగ్గా 450. కూడికలో తప్పు లేదు. కానీ ఇప్పటి కంప్యూటర్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తమ కరెంటును 12 వోల్టుల లైను నుంచే తీసుకుంటాయి. 5 వోల్టుల మీదే ఎక్కువ బరువు పడే కాలం ఎప్పుడో పోయింది. అంటే నా పనికి అక్కరకొచ్చేది 192 వాట్లే, అది కూడా స్టిక్కర్‌ను పూర్తిగా నమ్మితే.

ఇక నా సిస్టమ్ అడిగేది చూడండి. 12400ఎఫ్‌ను 65 వాట్ల ప్రాసెసర్ అంటారు గానీ, ఫుల్ లోడ్‌లో 117 వాట్ల దాకా వెళ్లొచ్చని ఇంటెల్ వాళ్లే చెబుతారు. 3060 కార్డు 170 వాట్లు. ఈ రెండే 287. మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లకు ఇంకో 60 వేసుకుంటే 350 దగ్గర తేలింది. 12 వోల్టుల మీద 192 ఇచ్చేదాన్ని పట్టుకుని, ఆ ఒక్క లైను మీదే 287కు పైగా అడిగాను. బరువు మించగానే అది తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయిందనుకుంటాను. అలా ఆగింది కాబట్టే బోర్డు, కార్డు మిగిలాయి.

కన్వర్టర్ ఎందుకు మాడిందో కూడా బావే చెప్పాడు. కార్డు మదర్‌బోర్డు స్లాట్ నుంచి 75 వాట్లకు మించి తీసుకోదు. మిగతా వంద వాట్ల దాకా ఆ వైరు మీదే పడుతుంది. 12 వోల్టుల దగ్గర అది ఎనిమిది ఆంపియర్లు. మోలెక్స్ పిన్నులో ఏ ఒక్కటి వదులుగా ఉన్నా ఆ జాయింట్ దగ్గర వేడి పుడుతుంది. స్టార్టర్లో లూజు కనెక్షన్ మాడినట్టే.

కొత్తది కొనే ముందు నాలుగు రోజులు చదివాను. 3060కి మొత్తం సిస్టమ్ కలిపి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని దాని చిప్ తయారుచేసే ఎన్విడియా చెబుతుంది. 350కే 550 ఎందుకంటే, గ్రాఫిక్స్ కార్డు ఎప్పుడూ ఒకే తీరుగా గుంజదు. కొన్ని మిల్లీసెకన్ల పాటు తన లెక్కకు చాలా మించి గుంజుతుంది. ఆ దెబ్బ తట్టుకునే ఖాళీ ఉండాలి. అట్లని 850, 1000 కూడా అవసరం లేదు. డబ్బు దండగ.

ఎస్‌ఎంపీఎస్‌ల మీద ఉండే 80 ప్లస్ అనే గుర్తు గురించి చాలామంది పొరబడుతున్నారు. బ్రాంజ్, గోల్డ్ అనేవి గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత భాగం వృథా కాకుండా లోపలికి ఇస్తుందో చెబుతాయి. వోల్టేజీ ఎంత నిలకడగా ఉంటుందో, ఏదైనా షార్ట్ అయితే మిగతా సామాన్లను కాపాడుతుందో లేదో ఆ గుర్తు చెప్పదు. అయినా ఏ గుర్తూ లేని డబ్బా కన్నా ఇది నయం, ఒక టెస్ట్ అయినా దాటి వచ్చింది కదా. కంపెనీ పేరు ఒక్కటే చూసి కొనడం కూడా సరికాదు. ఒకే కంపెనీలో మంచి మోడలూ ఉంటుంది, నాసిరకం మోడలూ ఉంటుంది.

నాకు వీటన్నిటికన్నా ముఖ్యమనిపించినవి రెండు, మా ప్రాంతం వాళ్లు తప్పకుండా చూడాల్సినవి. మొదటిది ఇన్‌పుట్ వోల్టేజీ. కొన్నిటి మీద 200–240 అని ఉంటుంది, కొన్నిటి మీద 100–240. మా దగ్గర యాసంగిలో బత్తాయి తోటలకు, వరికి బోర్లన్నీ నడుస్తుంటాయి. కరెంటు పోయి వచ్చిందంటే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. ఆ సమయంలో మా ఇంటి సాకెట్లో బావ మీటరు పెడితే 168 చూపించింది. 200 దాటితేనే పనిచేసే డబ్బా మాకు నప్పదు. పైగా ఎస్‌ఎంపీఎస్ స్వభావం ఒకటుంది: వోల్టేజీ తగ్గితే అది తక్కువతో సర్దుకోదు, ఆంపియర్లు పెంచి గుంజుతుంది. లోపల 350 వాట్లు ఇవ్వాలంటే, వృథా అయ్యేది కలుపుకుని గోడ నుంచి 410 దాకా తీసుకుంటుంది అనుకుందాం. దానికి 230 వోల్టుల దగ్గర 1.8 ఆంపియర్లు చాలు, 168 దగ్గర దాదాపు 2.4 కావాలి. అంత వేడి లోపలే పుడుతుంది.

రెండోది ఆ వేడే. డబ్బా మీద రాసిన వాట్లు ఏ ఉష్ణోగ్రత దగ్గరివో చూడాలి. కొన్నింటికి 40 డిగ్రీలు, కొన్నింటికి 50. మే నెలలో మా దగ్గర నీడలోనే 44, 45 ఉంటుంది. రేకుల గదిలో, క్యాబినెట్ లోపల ఎంతుంటుందో మీరే ఊహించండి. అందుకే 50 డిగ్రీలు రాసిన దాన్నే కొనాలని ముందే అనుకున్నాను.

పొద్దున్నే బస్సెక్కి చౌటుప్పల్ మీదుగా ఎల్బీ నగర్, అక్కడి నుంచి మెట్రోలో అమీర్‌పేటలో మారి ప్యారడైజ్‌లో దిగాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కాంప్లెక్స్ అంతా కంప్యూటర్ సామాన్లే. మూడు షాపుల్లో “ఎన్ని వాట్స్ కావాలన్నా?” అనే అడిగారు. స్టిక్కర్ చూపించమంటే సీలు విప్పడానికి ఒప్పుకోలేదు. నాలుగో షాపులో పెద్దాయన డిస్‌ప్లేలో పెట్టినదాన్ని తీసి నా చేతికిచ్చాడు. 650 వాట్స్, బ్రాంజ్. 12 వోల్టుల దగ్గర 54 ఆంపియర్లు, అంటే 648 వాట్లు. ఇన్‌పుట్ 100–240. 50 డిగ్రీలు. ఐదేళ్ల వారంటీ. చేత్తో పట్టుకుంటే పాతదానికి రెండింతల బరువు. 550 వాట్ల దానికి దీనికి తేడా 600 రూపాయలే. నా 350 లోడు దీనికి సగం దగ్గరే పడుతుంది, ఎస్‌ఎంపీఎస్‌లు బాగా పనిచేసేది ఆ సగం దగ్గరే. నాలుగు వేల ఏడు వందలు ఇచ్చి తెచ్చుకున్నాను.

బిగించడం కష్టం కాలేదు. ఒక్కచోట మాత్రం జాగ్రత్త అవసరం. ప్రాసెసర్‌కు పెట్టే 8 పిన్ల వైరు, గ్రాఫిక్స్ కార్డుకు పెట్టే 8 పిన్ల వైరు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మొదటిది నాలుగు, నాలుగుగా విడిపోతుంది. రెండోది ఆరు, రెండుగా. దూరకపోతే బలవంతంగా నొక్కకూడదు.

సిస్టమ్ ఆన్ అయింది, రెండర్ ఆగకుండా నడిచింది. కానీ ఆ రాత్రి క్యాబినెట్ స్క్రూ మీద వేలు పడితే జిమ్మంది. టెస్టర్ పెడితే వెలిగింది. కొత్తదే పాడైందేమోనని గుండె జారిపోయింది. బావకు ఫోన్ చేస్తే ముందు సాకెట్ విప్పమన్నాడు. మెయిన్ తీసి విప్పాను. పైనున్న పెద్ద రంధ్రం వెనక వైరే లేదు. ఇల్లు కట్టినప్పుడు రెండు వైర్లే లాగారు, ఎర్తింగ్ లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి, బాడీకి చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే బాడీ మీద దాదాపు సగం వోల్టేజీ నిలుస్తుంది. అంటే డబ్బా తప్పు కాదు, మా గోడ తప్పు.

ఆ ఆదివారం ఇంటి వెనక వేప చెట్టు పక్కన గుంత తవ్వాం. జీఐ పైపు దింపి, చుట్టూ ఒక వరుస బొగ్గు, ఒక వరుస రాళ్ల ఉప్పు పోసి, నీళ్లు పోసి పూడ్చాం. అక్కడి నుంచి పచ్చ వైరు సాకెట్ దాకా లాగాం. తర్వాత బావ మీటరుతో ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య చూస్తే 226 వచ్చింది. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య 2. స్క్రూ మీద వేలు పెట్టాను. ఏమీ లేదు.

ఇన్వర్టర్ సంగతి ఇంకా సగమే తేలింది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ అందుకునేలోపు సిస్టమ్ రీస్టార్ట్ అయ్యేది. గోడ నుంచి కరెంటు తెగితే ఎస్‌ఎంపీఎస్ ఆపుకోగలిగేది సెకనులో అరవయ్యో వంతు మాత్రమే. ఇన్వర్టర్ వెనక ఉన్న స్విచ్‌ను ఎకో నుంచి యూపీఎస్‌కు, అంటే త్వరగా బ్యాటరీకి మారే పద్ధతికి, మార్చగానే ఆ సమస్య పోయింది. కానీ యూపీఎస్ మోడ్‌లో 180 వోల్టుల కన్నా తగ్గిన కరెంటును అది తీసుకోదు. మోటార్లు నడిచే సాయంత్రాల్లో కరెంటు ఉండగానే బ్యాటరీ మీద పడుతోంది, రెండు గంటల్లో బ్యాటరీ దిగిపోతోంది. ఇన్వర్టర్ ముందు పెట్టడానికి ఒక స్టెబిలైజర్ చూస్తున్నాను. అప్పటిదాకా పెద్ద రెండర్లు రాత్రి పదకొండు దాటాక పెడుతున్నాను.

పాత డబ్బాను మా చిన్నమ్మ కొడుకు అడిగాడు, కొత్తగా గ్రాఫిక్స్ కార్డు కొంటున్నాడట. ఇవ్వలేదు. స్టిక్కర్ ఫోటో తీసి, 12 వోల్టుల గడి చుట్టూ ఎర్ర గీత గీసి పంపించాను. మా అమ్మ మాత్రం తులసికోటకు నీళ్లు పోసినప్పుడల్లా వేప చెట్టు కింద ఎర్త్ గుంతలో కూడా ఒక చెంబు పోస్తోంది.