రెటినాల్: ముఖమంతా అలవాటు పడింది, పెదవి మూలలే మొండికేశాయి

ముఖానికి రాత్రిపూట రాసే విటమిన్ ఎ రకం సీరమ్ రెటినాల్‌ను 0.2 నుంచి 0.3 శాతానికి మార్చినా బుగ్గల మీద, నుదుటి మీద పొట్టు లేదు, మంట లేదు. వారానికి రెండు రాత్రుల నుంచి రాత్రి విడిచి రాత్రికి రావడం కూడా సాఫీగానే జరిగింది. పెదవి మూలలు మాత్రం విసిగిస్తూనే ఉన్నాయి.

రాసిన రాత్రి ఏమీ తెలియదు, మర్నాడూ మామూలే. రెండో రోజు మధ్యాహ్నానికి మూల బిగుసుకుంటుంది, అన్నంలో ఆవకాయ తగిలితే చుర్రుమంటుంది. పొట్టు కంటికి కనిపించేది ఆ తర్వాతే. మిరపకాయ ఘాటును పసిగట్టే టీఆర్‌పీవీ1 గ్రాహకాన్నే రెటినాయిడ్లు (రెటినాల్ కుటుంబం) కూడా రెచ్చగొడతాయి కాబట్టి కారం చుర్రుమన్న రోజునే రెటినాల్ ఆపేయాలి, పొట్టు లేచేదాకా చూడకూడదు. పొట్టు లేచే మేర మూల నుంచి కిందికి 8 మి.మీ., వెడల్పు 4 మి.మీ. కుడివైపు ఎప్పుడూ ఎక్కువ.

శాతం వల్ల అనిపించడం లేదు. 0.2 దగ్గరా ఇదే పొట్టు, ఇదే కొలత. అసలు మూలల్లో సీరమ్ రాయడమే లేదు, 1 సెం.మీ. దూరం వదిలేస్తున్నా అక్కడికి చేరుతోంది. మరి ఎలా?

మొదటి అనుమానం టూత్‌పేస్టు మీద. నురగ తెప్పించే సోడియం లారిల్ సల్ఫేట్ మూలల్లో నిలిస్తే చర్మాన్ని ఎండగడుతుంది. అది లేని పేస్టుకు మారి, పళ్లు తోముకున్నాకే ముఖం కడిగితే మంట కాస్త తగ్గింది, పొట్టు తగ్గలేదు.

రెండోది దిండు. కుడివైపు ఒత్తిగిలి పడుకుంటే బుగ్గ మీది సీరమ్ ఒరుసుకుని మూలకు చేరుతుంది. రాసిన గంట తర్వాత పడుకుంటే కుడి ఎడమల తేడా చాలావరకు పోయింది, కానీ రెండు వైపులా కొంత మిగిలింది.

అసలు దొంగ శాండ్‌విచ్ పద్ధతిలోని (మాయిశ్చరైజర్, రెటినాల్, మళ్లీ మాయిశ్చరైజర్) పై పొర అని ఇప్పుడు గట్టి నమ్మకం. స్క్వాలేన్ అనే నూనెలాంటి ద్రవంలో కలిపిన రెటినాల్ నూనెలాగే జారుతుంది. దాని మీద మాయిశ్చరైజర్‌ను వేళ్లతో లాగి రాస్తే ముక్కు పక్క మడతల్లోకి, పెదవి మూలల్లోకి మనమే తోసినట్టు. సగం ముఖానికి పై పొరను రుద్దకుండా అరచేత్తో అద్ది, రెండో సగానికి ఎప్పటిలా రుద్ది చూస్తే, అద్దిన వైపు పొట్టు మేర 3 మి.మీ.కి పడిపోయింది. ఇంత స్పష్టమైన తేడా ఇంకే మార్పుతోనూ రాలేదు!

మిగిలిన ఆ 3 మి.మీ. కోసం వాజలీన్. వరస ముఖ్యం: కడిగి పూర్తిగా ఆరిన చర్మం మీద ముందుగా, మూలకు బియ్యపు గింజంత. సీరమ్ మీద వాజలీన్ పూయడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి, కింద చిక్కిన రెటినాల్ ఇంకా లోపలికి దిగుతుంది. మందంగా పూసినా లాభం లేదు. ఎండాకాలం రాత్రి ఉక్కపోతకు మెత్తబడి జారుతుంది, సీరమ్‌నూ వెంట తీసుకెళ్తుంది.

పెదవి చుట్టూ సన్నటి గీత వదిలి ఎర్రటి చిన్న పొక్కులు వస్తే అది వేరే జబ్బు కావచ్చు. రెటినాల్ ఆపి చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ క్రీము మాత్రం ముట్టుకోవద్దు. రెండు రోజులు తగ్గినట్టే ఉండి, ఆపగానే రెట్టింపవుతుంది.

సీసాల సంగతి: తొలి సీసాగా ది ఆర్డినరీ బ్రాండ్ 0.2 శాతం రెటినాల్ మంచి ఎంపికే. కానీ డ్రాపర్ సీసా తెరిచిన ప్రతిసారీ గాలి వెళ్తుంది, గాలికీ వెలుతురుకీ రెటినాల్ పాడవుతుంది. అల్యూమినియం ట్యూబుకే నా ఓటు. గర్భిణులు ఏ శాతమైనా సరే వాడకూడదు.

తర్వాత వాజలీన్ బదులు పిల్లల డయాపర్ దద్దుకు రాసే జింక్ ఆక్సైడ్ క్రీము చూడాలి. గట్టిగా ఉంటుంది, ఉక్కకు జారకపోవచ్చు. పై పెదవికి వ్యాక్సింగ్ ఉంటే వారం ముందే రెటినాల్ ఆపాలి, లేదంటే చర్మం పొరగా లేచి వస్తుంది, థ్రెడింగే నయం. సున్నిపిండి నలుగు కూడా ఈ కాలమంతా బంద్. జింక్‌తో మూలలు శుభ్రంగా నిలిచాకే 0.5 శాతం సీసా.