థండర్‌బర్డ్ 350, అవెంజర్ 220: పొద్దున పూట పట్టని సెల్ఫ్

మూడోసారీ అదే తంతు. థండర్‌బర్డ్ సెల్ఫ్ బటన్ నొక్కితే స్టార్టర్ మోటారు గిర్రుమంటుంది, ఇంజను మాత్రం కదలదు. "కిక్కు కొట్టండన్నా, ఒక్క దెబ్బకే అందుకుంటది" అంటాడు ఓనరు. నిజమే, అందుకుంటుంది. జబ్బు ఇన్నాళ్లూ దాక్కుంది ఆ కిక్కు చాటునే.

బేరంలో ఉన్న పాత బైకులు రెండు. నెల్లూరులో ఏపీ 26 నంబరుతో 2014 థండర్‌బర్డ్ 350, ఒంగోలులో ఏపీ 27 నంబరుతో 2016 అవెంజర్ క్రూజ్ 220. అవెంజర్‌కి పెద్దగా వంక పెట్టడానికేమీ లేదు: హ్యాండిల్ కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) మారిస్తే చాలు. వెనక డ్రమ్ బ్రేకు ఒకటే మనసుకు పట్టదు. థండర్‌బర్డ్‌కి రెండు వైపులా డిస్కే.

ఇక థండర్‌బర్డ్ సెల్ఫ్. రాత్రంతా నిలిపిన బండి మీద పొద్దున ఆరింటికి పదిసార్లు నొక్కితే నాలుగుసార్లే పట్టింది. కావలి దాకా వెళ్లొచ్చి వేడి మీద నొక్కితే పదికి తొమ్మిది.

మొదటి అనుమానం బ్యాటరీ మీదకే పోతుంది. మల్టీమీటర్ పెడితే ఊరికే ఉన్నప్పుడు 12.5 వోల్టులు, బటన్ నొక్కి పట్టుకుంటే 11.6. గుట్టు ఇక్కడే ఉంది. నిజంగా ఇంజను బరువు లాగుతుంటే వోల్టేజి ఇంకా కిందికి పడాలి. బ్యాటరీ నీరసపడితే 9.6 కన్నా దిగువకు జారి రిలే టకటకమంటుంది. ఇక్కడ మోటారుకు బరువే తగలడం లేదు. ఇంకో బండి బ్యాటరీకి జంపర్ వేసి చూసినా ఏ తేడా లేదు. 3000 ఆర్‌పీఎమ్ దగ్గర ఛార్జింగ్ 14.1, అదీ బాగానే ఉంది. కిక్కు గేర్‌బాక్సు మీదుగా తిప్పుతుంది కాబట్టి, ఒక్క కిక్కుకే అందుకుందంటే ప్లగ్గు, కార్బురేటరు, కంప్రెషన్ మూడూ నిక్షేపం. మిగిలింది స్ప్రాగ్ క్లచ్చే, అంటే స్టార్టర్ మోటారు తిప్పుడును ఇంజనుకు అందించి, ఇంజను అందుకోగానే వదిలేసే ఒకవైపు పట్టు.

రెండో అనుమానం ఆయిలు. లోపల ఉన్నది కారు ఆయిలని బేరం మధ్యలో బయటపడింది. స్ప్రాగ్ మునిగి ఉండేది ఇంజన్ ఆయిల్లోనే. చిక్కటి ఆయిలు చల్లగా ఉన్నప్పుడు లోపలి ముక్కలు గబుక్కున పట్టుకోలేవు. కారు ఆయిళ్లలో జారుడు మందులు కూడా కలిసి ఉంటాయి, క్లచ్ ప్లేట్లకీ అవి పడవు. ఆయిల్లో మునిగే క్లచ్ ఉన్న బైకులకి పనికొస్తుందని చెప్పే జాసో ఎమ్‌ఏ2 ముద్ర ఉన్న 15డబ్ల్యూ50 సెమీ సింథటిక్ పోయించి ఫిల్టర్ మార్పిస్తే పదికి నాలుగల్లా ఆరయింది. అంతే, అక్కడే ఆగింది. నెల్లూరులో పొద్దున చలి అంటే నవ్వుతారు, కాబట్టి తప్పంతా ఆయిలు మీదకి నెట్టలేం. స్ప్రాగే అరిగింది.

బండి తయారీలో లోపం వెతకక్కర్లేదు. చచ్చిన బ్యాటరీతో బటన్ మీద బటన్ నొక్కితే ఇంజను సగం తిరిగి వెనక్కి తంతుంది. ఆ తన్ను తినేది స్ప్రాగే. మార్చాలంటే ఎడమ కవర్ విప్పాలి, మాగ్నెట్ పుల్లర్‌తో రోటరు లాగాలి. కొత్త స్ప్రాగ్‌తో పాటు గాస్కెట్టు, ఆయిలు మళ్లీ కొత్తవే. స్ప్రాగ్ కూర్చునే హబ్ మీద గోరు తగిలే గీత ఉంటే అదీ మార్చాల్సిందే, లేకపోతే ఆరు నెలల్లో మళ్లీ మొదటికే. కొనకముందు కవర్ విప్పనివ్వనంటున్నాడు ఓనరు. అయితే హబ్ కూడా పోయిందనుకునే లెక్క కట్టి ధరలో తగ్గించమనాలి.

సీసీల మాటకొస్తే, థండర్‌బర్డ్‌కి 346 అన్న అంకె చూసి మురిసిపోవద్దు. రెండిటి పవరూ దాదాపు ఒకటే, పందొమ్మిది హార్స్‌పవర్‌కి కాస్త అటూ ఇటూ. తేడా టార్కులో: 350కి 28 ఎన్‌ఎమ్, 220కి 17.5. ఇద్దరెక్కి నాలుగో గేరులో నలభై మీద పోతున్నా 350 గొణగదు. బరువు మాత్రం 192 కిలోలు, సందులో తిప్పేటప్పుడు తెలుస్తుంది. హైవే 16 మీద ఎనభై దాకా రెండూ హాయిగా పోతాయి, ఆపైన 350 ఫుట్‌రెస్టులు వణుకుతాయి. ట్యాంకు 20 లీటర్లు కావడం దానికి కలిసొచ్చేదే. అవెంజర్‌లో కిక్కే లేదు, కాబట్టి సెల్ఫ్ జబ్బు దాచడానికి వీల్లేదు. అరవై కిలోమీటర్లు దాటితే నడుం మీద ఆ కూర్చునే తీరు ఎలా ఉంటుందన్నదే దాని పరీక్ష.

మైపాడు వైపు తిరిగిన బండయితే స్పోకుల నిపుల్సు (రిమ్ము దగ్గర స్పోకు బిగించే చిన్న నట్లు), సైలెన్సర్ అతుకులు టార్చి వేసి చూడాలి, ఉప్పుగాలి ముందు తినేది అక్కడే. థండర్‌బర్డ్‌కి నాలుగు నిపుల్సు తుప్పు, వెనక టైరు మీద 3216, అంటే 2016లో 32వ వారం సరుకు. టైరు ఖర్చు కూడా లెక్కలో వేశాం. ఆర్‌సీ 2029 దాకానే, తర్వాత ఫారం 25తో రెన్యువల్.

వచ్చే ఆదివారం ఒంగోలు. ముందురోజు నుంచీ బండి స్టార్ట్ చేయొద్దని ఫోన్లోనే చెప్పాం. ఏడింటికల్లా వెళ్లి ముందు ఇంజను రెక్కల మీద చెయ్యి పెట్టాలి, వెచ్చగా తగిలితే ఇంకో గంట టీ తాగుతూ కూర్చోవడమే. ఫైనాన్సు బండి కాబట్టి, అప్పు తీరిందని చెప్పే ఫారం 35 బ్యాంకు ముద్రతో ఉంటేనే, పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు.