అల్లునికి దసరా పనిముట్టు

శుక్రవారం, హన్మకొండ

రేపు శనివారం. శనివారం నాడు ఇంట్లోకి ఇనుము తేవద్దని అమ్మ పట్టు. దసరాకు అల్లునికి, అంటే అక్క కొడుక్కు, ఇద్దామనుకున్న మల్టీటూల్ (ప్లయర్, కత్తి, స్క్రూడ్రైవర్ లాంటివి ఒక్కదాంట్లోనే మడిచి పెట్టుకునే పనిముట్టు) సంగతి ఈ రోజే తేలాలె. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివి బోరు మోటర్ల పనికి పోతున్న పిలగాడు. ఆయుధపూజలో పెట్టి, జమ్మితో పాటు చేతికిస్తే బాగుంటది.

పొద్దున ఫోన్ చేసి వాడు అడిగింది ఒక్కటే: "మామా, 18 పనిముట్లున్నది మంచిదా, 33 ఉన్నది మంచిదా?"

లెక్క దగ్గర మొదలుపెడితే పైసలు దండుగ. 1891లో కార్ల్ ఎల్సెనర్ స్విస్ సైన్యానికి ఇచ్చిన సిపాయి కత్తిలో ఉన్నవి నాలుగే: కత్తి, తొలిచే మొన, టిన్ను డబ్బా కోసేది, స్క్రూడ్రైవర్. సిపాయికి తుపాకి విప్పే పని, తిండి డబ్బా తెరిచే పని. వాటికి ఏం కావాలో అదే పెట్టిండ్రు. టిమ్ లెదర్‌మన్ కథ ఇంకోటి. 1975లో పాత ఫియట్ కారులో యూరప్ తిరుగుతుంటే జేబులో కత్తి ఉంది, ప్లయర్ లేదు. ఆ కొరతలోంచి పుట్టిన పనిముట్టు 1983లో అమ్మకానికి వచ్చింది. కత్తి చుట్టూ కట్టినవి ఒక జాతి, ప్లయర్ చుట్టూ కట్టినవి ఇంకో జాతి. కొరియర్ కవర్లు కోసుకునేవాళ్లకు ఎల్సెనర్ కంపెనీ విక్టోరినాక్స్ చిన్న కత్తి, క్లాసిక్, చాలు. 58 మిల్లీమీటర్లది, బరువు ఇరవై గ్రాముల పైచిలుకు, తాళంచెవుల గుత్తికి వేలాడుతుంది. మోటర్లు విప్పేవానికి మాత్రం ప్లయరే కావాలె.

ప్లయర్ మంచిదో కాదో షాపులోనే తెలిసిపోతుంది. దవడలు మూసి ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టాలె. మొనలు ఒకదానికొకటి ఆనాలె. వెనక సన్నని సందు ఉన్నా ఫరవాలేదు. మొనల దగ్గరే వెలుతురు కనిపిస్తే పక్కన పెట్టేయాలె, సన్న తీగ, చిన్న పిన్ను దానికి చిక్కవు. కాగితం ముక్కను మొనలతో పట్టి లాగితే జారొద్దు. ఆ తర్వాత పిడులు బలంగా నొక్కుతూ మొనల దిక్కు చూడాలె. కీలు వదులైతే ఒక దవడ పైకి, ఇంకోటి కిందికి జరుగుతుంది. రివెట్ కొట్టిన కీలు అయితే అది ఇక బిగియదు, వదులు రోజురోజుకు పెరుగుతుంది.

జేబులో జానెడు 2.5 స్క్వేర్ మిల్లీమీటర్ల రాగి వైరు వేసుకుని పోవుడు మంచిది. ఒక్క నొక్కుకు పోగులన్నీ తెగాలె. ఒకటి రెండు వంగి మిగిలితే కట్టర్ అంచులు కలుస్తలేవన్నట్టు. సైకిల్ పుల్ల, స్ప్రింగు తీగ మాత్రం మామూలు అంచుతో కోయొద్దు. అంచు మీద గంటు పడుతుంది, ఆ గంటులో తర్వాత సన్న పోగులు ఇరుక్కుంటయి. అందుకే మార్చుకునే కట్టర్లు ఉన్న రకానికి పైసలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు. లెదర్‌మన్ కంపెనీ మల్టీటూళ్లలో వేవ్ ప్లస్, రీబార్ అనే రకాల్లో అవి ఉంటయి.

బజార్ల మూడు నాలుగు వందలకు దొరికేవాటికి చిన్న అయస్కాంతం చాలు. దవడకు అది అంటకపోతే జింకు పోతపని అనుమానించాలె. పోత దవడ వంగదు, బిగుసుకున్న నట్టు మీద టప్పున విరుగుతుంది.

తెరిచిన పనిముట్టు మడతపడకుండా ఆపే లాకు గురించి ఎంత చెప్పినా తక్కువే. అది గట్టిగా లేకుంటే స్క్రూ తిప్పుతుంటే డ్రైవర్ మడతపడి వేళ్ల మీదికి వస్తది, కత్తి అయితే ఇంక చెప్పనక్కర లేదు. కత్తి తెరిచి, వీపును చెక్క మీద నెమ్మదిగా ఒత్తి చూడాలె. లాకు కదలొద్దు, అలుగు అటూఇటూ ఊగొద్దు. లోతు రంధ్రంలోని స్క్రూకు ఏ మల్టీటూలూ అందదు, పిడి లావు, డ్రైవర్ పొట్టి. దానికి విడిగా పొడుగు స్టార్ డ్రైవర్ ఉండాల్సిందే.

అన్నిటికన్నా పెద్ద మాట: పిడి అంతా ఉక్కే. ఇంట్లో 230 వోల్టులు, పొలం కాడి స్టార్టర్ డబ్బాలో 415. మెయిన్ దించి, టెస్టర్ పెట్టి చూసినంకనే దీన్ని లోపల పెట్టాలె. పిడికి ప్లాస్టిక్ తొడుగు ఉన్నా నమ్మొద్దు. 1000 వోల్టుల అంకె, జంట త్రిభుజాల గుర్తు ఉన్న ఇన్సులేటెడ్ (పిడికి కరెంటు పారని తొడుగున్న) కటింగ్ ప్లయర్ వేరే జాతి. పైసలు ఒక్కదానికే సరిపోతే నేనైతే ఆ కటింగ్ ప్లయరే కొనిస్త. నాసిరకం మల్టీటూల్ కొనియ్యను.

బరువు దగ్గర చాలామంది మోసపోతరు. వేవ్ ప్లస్ 241 గ్రాములు, అదే కంపెనీ స్కెలిటూల్ 142. రోజూ ప్యాంటు జేబులో వేసుకునేవానికి ఆ వంద గ్రాముల తేడా వారంలో తెలుస్తది, ఇంట్లో వదిలిపోవుడు మొదలవుతది. కానీ మనవాడు బెల్టుకు పౌచ్ తగిలించుకుంటడు. నిచ్చెన మీద ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కత్తి తెరవాలె. రీబార్ 190 గ్రాములే గానీ, దాని కత్తి తీయాలంటే ముందు పిడులు విప్పాలె. వేవ్‌లో కత్తులు బయటి దిక్కే ఉంటయి. కాబట్టి వేవ్ ప్లస్. లెదర్‌మన్ వారంటీ 25 ఏండ్లు, బిల్లు ఫోటో తీసి వాని ఫోనుకు పంపాలె. శంషాబాద్‌ల విమానం ఎక్కే రోజు వస్తే చేతి సంచిలో వేసుకోవద్దని, లగేజీల పెట్టాలని చెప్పాలె.

స్టెయిన్‌లెస్ అంటే చిలుము పట్టదని కాదు. చెమట, ఉప్పు, బోరు నీళ్లు తగిలి అట్లనే మూస్తే కీలు లోపల గోధుమరంగు మచ్చలు వస్తయి. వారానికోసారి గోరువెచ్చని నీళ్లు, సబ్బు, పాత బ్రష్. బాగా ఆరినంక కీలుకు ఒక్కో చుక్క కుట్టుమిషను నూనె. కొబ్బరినూనె వద్దు. పుష్యమాసం చలికి సీసాలో గడ్డకట్టేది కీలులోనూ అంతే, దుమ్మును పట్టుకుని జిగురవుతది. అందుకే డబ్బాలో చిన్న మిషను నూనె సీసా కూడా పెడుతున్న.

పూజలో పసుపు కుంకుమ పిడి మీద, కీలు మీద పెట్టొద్దని అక్కకు ముందే చెప్పాలె. ఆ పొడి కీలులోకి దిగితే రాదు, తడి బొట్టు ఉక్కు మీద మరక పెడుతది. బొట్టు పౌచ్ మీద పెట్టాలె.